కుండీలో తంగేడు

జగిత్యాల
18 ఫిబ్రవరి 1986

లసుమికి,

ఆశీర్వాదాలు. నేను రమాదేవిని. గడీ దొరసానిని అంటే నీకు తొందరగా గుర్తొస్తుందేమో. మేము ఊరు విడిచి జగిత్యాలకు వచ్చి ఆరేళ్లు దాటింది. ఇన్నేళ్లకు ఉత్తరం రాస్తున్నానంటే ఏదో ఆపద వచ్చిందనుకునేవు. ఆపదేమీ లేదు, నాకో చెట్టు కావాలి.

పోయిన బతుకమ్మకు మా కాలనీలో తంగేడు పువ్వు దొరకలేదు. పూలకని కొడవళ్లు పట్టుకుని గుట్టకు వెళ్లిన మగవాళ్లను పోలీసులు తీసుకెళ్లి, దళానికి అన్నం మోస్తున్నారా అని సాయంత్రం దాకా కూర్చోబెట్టారు. ఆడవాళ్లు ఉత్త బంతిపూలతో బతుకమ్మ పేర్చి, తంగేడు లేని బతుకమ్మ ఏం బతుకమ్మ అని గొణుక్కుంటూ ఆడారు. నేను మా ప్రహరీ లోపల నిలబడి చూశాను. నన్నెవరూ పిలవలేదు. దొరల మనిషితో కలిస్తే ఎవరి కంట్లో పడతామో అని వాళ్ల భయం. తప్పు పట్టను. కానీ ఉండబట్టలేక గోడ మీదుగా, వచ్చే ఏడు మా ఇంట్లోనే తంగేడు పూయిస్తాను, అందరూ వచ్చి మా వాకిట్లోనే ఆడుకోండి అనేశాను. పక్కింటి శాంత నవ్వి, "సూద్దాం తియ్యి పెద్దమ్మా" అంది. ఆరేళ్లలో ఈ కాలనీవాళ్లు నాతో అన్న మొదటి మాట అదే.

కాబట్టి ఇప్పుడు పూయించక తప్పదు. రావుగారు భూముల కేసుల మీద ఎప్పుడూ హైదరాబాద్‌లోనే ఉంటారు. పిల్లలు లేని సంగతి నీకు తెలుసు. నాకు కావలసినంత తీరిక ఉంది. గడీలో ముప్పై ఏళ్లు నువ్వు గంపలకొద్దీ తంగేడు పూలు తెచ్చి పోస్తే చూశాను. చెట్టు మాత్రం ఎన్నడూ చూడలేదు, చూసే అవసరం రాలేదు. అది ఎంత ఎత్తు పెరుగుతుంది, ఎరువు ఏది వేయాలి, రోజుకు ఎన్నిసార్లు నీళ్లు పోయాలి, అన్నీ వివరంగా రాయించు.

ఇట్లు,
రమాదేవి

తా.క. నీకు చదువు రాదు కనుక ఇది ఎవరితోనైనా చదివించుకుంటావు. నేను రాసిన సంగతి మాత్రం ఆ ఒక్కరికి తప్ప ఊళ్లో ఎవరికీ తెలియకూడదు.


రుద్రంగి పోస్టు
3 మార్చి 1986

శ్రీమతి రమాదేవి గారికి,

లసుమవ్వ నమస్కరించి రాయించునది. రాసేది పోస్టుమాన్ జలపతి. మీ ఉత్తరం ఆమెకు రెండుసార్లు చదివి వినిపించాను. రెండుసార్లూ ఎరువు దగ్గరికి రాగానే నవ్వింది. తర్వాత చెప్పిన మాట ఇది: "తంగేడును ఎవలన్న పెంచుతరా? గుట్ట మీద దానికి ఎవలు నీళ్లు పోసిండ్రు? దాని మానాన దాన్ని ఇడిసిపెట్టుమను."

గింజలు పొట్లం కట్టి పంపుతోంది. వాటిని గరుకు రాయి మీద రుద్ది, ఒక రాత్రి నానేసి, పనికిరాని మొరం మట్టిలో, మంచి ఎండలో పెట్టాలట. మొలిచేదాకా వారానికి ఒకసారి నీళ్లు. మొలిచాక చెట్టును మరిచిపోవాలట. రెండో ఏడు పూస్తుందట.

ఊళ్లో అందరూ క్షేమం. బతుకమ్మ ఇప్పుడు గడీ ముందు కాదు, బడి ముందు ఆడుతున్నారు. రెండు వందల మంది ఆడవాళ్లు వస్తారట. పాట లసుమవ్వే అందుకుంటుందట.

ఇట్లు,
లసుమవ్వ (వేలిముద్ర)

తా.క. మీ ఉత్తరం సంగతి నేనెవరికీ చెప్పలేదు. పోస్టాఫీసులో చదివాను కాబట్టి అప్పుడు అక్కడున్న పదకొండు మందికి మాత్రమే తెలుసు. ఆమె మొదట 'దొరసాని, నీ బాంచెన్' అని రాయమంది. ఆ మాటను రైతుకూలీ సంఘంవాళ్లు ఊళ్లో బంద్ చేశారు గనుక రాయలేదు. ఇంకొక మనవి. లసుమి అని రాస్తే మా పోస్టులో ముగ్గురున్నారు. లసుమవ్వ గారు అని రాస్తే ఎవరూ లేరు కాబట్టి అది ఈమెదేనని నాకు తెలిసిపోతుంది.


జగిత్యాల
10 జులై 1986

లసుమవ్వకు,

ఆశీర్వాదాలు. 'గారు' రాద్దామని కలం పెట్టాను, చెయ్యి రాలేదు. మెల్లగా వస్తుందేమో.

శుభవార్త. తంగేడు మొలిచింది. నీ గింజలు మార్చిలో పెడితే మూడు నెలలు ఉలుకూ పలుకూ లేదు. రెండో ఏడు పూస్తుందని రాయించావు, నా దగ్గర ఉన్నవి ఏడు నెలలు. అందుకని నువ్వు చెప్పిన మొరం తీసేసి, పాలమనిషి దగ్గర బండెడు పశువుల ఎరువు తెప్పించి కుండీ నింపాను. తొలకరి పడిన వారానికే మొలక. ఇప్పుడు నా మోకాలి దాకా ఉంది. పొద్దున బియ్యం కడిగిన నీళ్లు, మధ్యాహ్నం పాలగిన్నె కడిగిన నీళ్లు, సాయంత్రం మామూలు నీళ్లు. ఎండ కొట్టకుండా నా పాత గద్వాల చీర తడిపి పందిరి వేశాను. నీకు చెప్పడానికి సిగ్గేముంది, దానితో మాట్లాడుతున్నాను కూడా. రావుగారు నెలకోసారి వస్తే కేసు మాటలే మాట్లాడతారు. ఇది వింటుంది.

నిన్న శాంత, ఇంకో ఇద్దరు ఆడవాళ్లు లోపలికి వచ్చి చెట్టును చూసి వెళ్లారు. పట్టణంలో పుట్టిన పిల్లలు, వాళ్లకేం తెలుసు, ఇదేనా తంగేడు అన్నారు. ఇదే అన్నాను. ముగ్గురికీ చాయ పెట్టాను. ఇంట్లో నాలుగు కప్పులు ఒకేసారి వాడి ఎన్నేళ్లయిందో. వాళ్లు వెళ్లాక కూడా కాసేపు కడగకుండా అలాగే ఉంచాను.

కొమ్మలు ఎప్పుడు కత్తిరించాలో రాయించు.

ఇట్లు,
రమాదేవి

తా.క. ఆకు నలిపితే చాలా చెడ్డ వాసన వస్తోంది. గడీలో నువ్వు తెచ్చిన పూలకు ఈ వాసన లేదు. బహుశా అప్పుడు నువ్వు కడిగి తెచ్చేదానివేమో.


రుద్రంగి పోస్టు
27 జులై 1986

శ్రీమతి రమాదేవి గారికి,

లసుమవ్వ నమస్కరించి రాయించునది. మీ ఉత్తరం విని ఆమె నవ్వలేదు, ఆలోచనలో పడింది. నెలలో మోకాలి దాకా పెరిగే తంగేడును తను పుట్టి బుద్ధెరిగి చూడలేదట. వాసన సంగతి మళ్లీ మళ్లీ చదివించుకుంది. కొమ్మలు కత్తిరించకండి, ఒక ఆకు పంపండి అంటోంది.

ఇక్కడ ఒక చిన్న గొడవ జరిగింది. దొరసాని లసుమవ్వకు కాగితాలెందుకు రాస్తోంది, భూములు మళ్లీ దున్నించే ఆలోచనా అని సంఘంవాళ్లు నన్ను పిలిచి అడిగారు. చెట్టు గురించి అంటే నమ్మలేదు. మీటింగులో చదవమన్నారు. చదివాను. బియ్యం నీళ్లు, పాల నీళ్లు, గద్వాల చీర, అన్నీ విన్నారు. చివరికి వాళ్ల పెద్దమనిషి, "గన్ని నీళ్లు పోస్తె ఏర్లు మురుగుతయ్, బంద్ చేయుమని రాయి" అన్నాడు. అది సంఘం ఆదేశమో ఆయన సొంత అభిప్రాయమో అడిగే ధైర్యం నాకు లేకపోయింది.

ఇట్లు,
లసుమవ్వ (వేలిముద్ర)

తా.క. ఆకును ఇన్లాండ్ కవరులో పెట్టకండి. ఇన్లాండ్‌లో ఏ వస్తువూ పెట్టరాదని నియమం. మామూలు కవరులో పెట్టండి. ఆకు వస్తువా కాదా అని మీకు అనుమానం రావచ్చు. నాకూ వచ్చింది. మా పోస్టుమాస్టరును అడిగితే పండుటాకైతే వస్తువు కాదన్నాడు.


జగిత్యాల
25 ఆగస్టు 1986

లసుమవ్వకు,

ఆశీర్వాదాలు. ఆకు పంపుతున్నాను. పచ్చిదే పంపుతున్నాను, మీ పోస్టుమాస్టరు ఏం చేస్తాడో చేసుకోమను.

నీకు నా మీద నమ్మకం లేదని తెలిసింది. నువ్వు నమ్మకపోతే చెట్టు ఆగుతుందా? మొగ్గ తొడిగింది. పచ్చగా, గుత్తులు గుత్తులుగా. గుట్ట మీద రెండేళ్లు పట్టేది నా దగ్గర మూడు నెలల్లో వచ్చిందంటే నా చేతి చలువ అనుకో. గడీలో నన్నెవరూ ఏ పనీ చేయనివ్వలేదు గాని, చేయనిస్తే నేను ఎంత పనిమంతురాలినో అందరికీ తెలిసేది.

మొన్న హెడ్ కానిస్టేబుల్ వచ్చాడు. కాలనీలో కొత్తవాళ్లెవరైనా దిగారా అని అడగడానికి వచ్చి, కుండీ దగ్గర ఆగిపోయాడు. అడవి చెట్టు ఇంట్లో ఎందుకని నిలదీశాడు. బతుకమ్మకని చెప్పాను. నోటుబుక్కు తీసి ఏదో రాసుకున్నాడు. రాయడం అయ్యాక మెల్లగా, "మా ఇంటామెకు గూడ రెండు దోసిళ్లు పూలు అట్టే పెట్టుండ్రి" అన్నాడు. కాలనీవాళ్లను గుట్టకు పోనివ్వనిది తనే కదా, ఇంట్లో ఆమె అన్నం పెట్టడం లేదేమో. పూలెందుకు, ఆమెనే ఆడడానికి పంపమన్నాను. ఆడడానికి వచ్చేవాళ్లు ఇప్పటికి తొమ్మిది మంది అయ్యారు.

ఇట్లు,
రమాదేవి

తా.క. నీళ్లు తగ్గించమన్న ఆ పెద్దమనిషికి నా తరఫున చెప్పు. మా భూములు తీసుకున్నారు, సరే. కుండీ జోలికి రావద్దు.


రుద్రంగి పోస్టు
8 సెప్టెంబర్ 1986

శ్రీమతి రమాదేవి గారికి,

లసుమవ్వ నమస్కరించి రాయించునది. ఆకు అందింది. దారిలో వాడిపోయినందువల్ల ఏమీ తెలియడం లేదట. చెట్టు బాగుందంటున్నారు కాబట్టి బాగున్నట్టేనట.

ఇకనుంచి ప్రతి శుక్రవారం కొమ్మలెన్ని ఉన్నాయో లెక్కపెట్టి రాయాలట. మంగళవారం మొగ్గలు లెక్కపెట్టాలట. రెండూ ఒకే ఉత్తరంలో రాయవద్దు, వేరు వేరుగా రాయమంటోంది. ఎందుకని నేను అడిగితే, చెట్ల సంగతి నీకేం తెలుసని కసిరింది. మీ ఆరోగ్యం ఎట్లుందో, మధ్యాహ్నం ఏం వండుకున్నారో కూడా రాయాలట. దానికీ చెట్టుకూ సంబంధం ఉందట.

ఇట్లు,
లసుమవ్వ (వేలిముద్ర)

తా.క. ఆకును నేను కూడా చూశాను. ఆకు గురించి ఏమీ రాయవద్దని లసుమవ్వ ఆజ్ఞ. అందువల్ల ఆకు గురించి ఏమీ రాయడం లేదు.


జగిత్యాల
26 సెప్టెంబర్ 1986

లసుమవ్వ గారికి,

నమస్కారం. చూశావా, చెయ్యి వచ్చింది.

కొమ్మలు ముప్పై నాలుగు. మొగ్గలు లెక్కపెట్టడం నా వల్ల కాదు, సగం పూలయ్యాయి. జలపతి ఆకు గురించి ఏమీ రాయనన్నాడంటేనే నాకర్థమైంది. అంత మంచి జాతి తంగేడు మీ గుట్టల్లో లేదు, ఆ మాట ఒప్పుకోవడానికి మీకు మనసు రావడం లేదు. పోనీలే. వచ్చే ఏడు గింజలు పంపిస్తాను.

చివరి రోజు సద్దుల బతుకమ్మ మా వాకిట్లోనే. పద్నాలుగు మంది వస్తున్నారు. సత్తుపిండి, నువ్వులపిండి శాంత తనే చేసుకొస్తానంది. రోజుకొకరు వచ్చి చెట్టును చూసి, కాసేపు కూర్చుని పోతున్నారు. చెట్టు వాసనకు కొంచెం దూరంగా కూర్చుంటున్నారు గాని కూర్చుంటున్నారు. నాకు అది చాలు.

ఒక్క సంగతి నీకు తప్ప ఎవరికీ చెప్పలేను. నాకు పాటలు రావు. అడుగు వేయడం కూడా రాదు. దొరసాని అందరితో కలిసి తిరగడమేమిటని మా అత్తగారు ఎన్నడూ దిగనివ్వలేదు. నిన్న మధ్యాహ్నం తలుపులు వేసుకుని, కుండీ చుట్టూ చప్పట్లు కొడుతూ ఒక్కదాన్నే తిరిగి చూశాను. నాలుగు చుట్లు తిరిగేసరికి నామీద నాకే జాలేసి కూర్చుండిపోయాను. పూలు పూయించి పిలిచిన మనిషికే పాట రాకపోతే మళ్లీ ప్రహరీ లోపల నిలబడి చూడడమే కదా.

నువ్వు రెండు వందల మందికి పాట అందించేదానివి. రెండు పాటలు, ముందు ఏ కాలు వేయాలో కూడా, వెంటనే రాయించి పంపు. ఈ ఒక్కసారి నేను ఆడేవాళ్లలో ఉండాలి.

ఇట్లు,
రమాదేవి

తా.క. మధ్యాహ్నం వంకాయ వండుకున్నాను. చెట్టుకు సరిపోతుందో లేదో రాయించు.


రుద్రంగి పోస్టు
10 అక్టోబర్ 1986

రమాదేవమ్మకు,

లసుమవ్వ చెప్పునది. ఈసారి నా మాటలు కలపకుండా, చెప్పింది చెప్పినట్టే రాయమని నాతో ఒట్టు పెట్టించుకుంది. 'మీరు' అని రాయాలా, 'నువ్వు' అని రాయాలా అని అడిగితే, "నోటికి ఏదస్తె గదే రాయి" అంది. ఇక్కడినుంచి మాటలన్నీ ఆమెవి.

గా చెట్టు తంగేడు కాదు. కసివింద. నేను పంపిన గింజలు మొలవనే లేదు. నువ్వు తెప్పిచ్చిన పెంటల గింజ ఉండి గది మొలిశింది. దాని వాసనకు మేకలు గూడ మూతి పెట్టయి. బతుకమ్మల ఎవలూ పేర్వరు. ఆకు సూడంగనే నాకు ఎరుకైంది. అయినా చెప్పలే.

ఎందుకంటె మా ఇంటాయన భీవండి మగ్గాల మీదికి పోయి పదేండ్లాయె. ఒక్క కార్డు ముక్క ఎయ్యలే. జలపతి మా వాడకట్టుకు అస్తె అందరి ఇండ్ల ముందట ఆగుతుండె, మా ఇల్లు దాటి పోతుండె. నా పేరు మీద అచ్చిన మొదటి కాగితం నీదే. తంగేడు కాదని చెప్తె నువ్వు చెట్టును పీకి పారేస్తవ్, ఇగ నాకు ఎందుకు రాస్తవ్? గందుకే కొమ్మలు లెక్కవెట్టుమన్న, మొగ్గలు లెక్కవెట్టుమన్న. నువ్వు ఏం వండుకున్నవో ఇనుకుంట నేను బువ్వ తిన్న.

ఇంకో అబద్ధం గూడ ఆడిన. బడి ముందట ఆడుడు నిజమే. గండ్ల నేను లేను. మీరు ఊరిడిసి పోయినంక నన్ను ఎవలూ పిలువలే. దొరసాని మనిషి అన్నరు. నీ కాగితాలు అచ్చుడు మొదలైనంక ఇంకింత దూరం జరిగిండ్రు. బడి గోడ అవుతల నిలవడి నోట్లెనే పాడుకుంట. నువ్వు అక్కడ గోడకు లోపట, నేను ఇక్కడ గోడకు బయట.

నీకు పాటలు రావని నాకు ఎరుక లేదా? గడీల మేం ఆడుతుంటె నువ్వు అరుగు మీద కూసుండి సూస్తుంటివి. కాళ్లు గుంజినా, ఇంట్ల పిల్ల ఏడ్సినా, దొర సాలు అనేదాక ఆడినం. గా ఆట నాకు కడుపుల మండుతుండె. నీ మీద గూడ మండుతుండె. నీకు దిగబుద్ధి అయితదని, నిన్ను దిగనియ్యలేదని నాకు ఎవలు చెప్పిండ్రు? మొన్న జలపతి సదివితె ఇన్న. ఒక్కదానివే కుండీ సుట్టు తిరిగినవంటె నవ్వచ్చింది. ఎనుకనే ఏడుపచ్చింది.

పాట కాగితం మీద రాస్తె రాదు. రేపు సద్దులు. పొద్దుగాల మొదటి బస్సుకు అస్తున్న, కోరుట్లల బస్సు మారుత. గంపెడు తంగేడు తెస్తున్న. జగిత్యాలల నన్ను గడీ మనిషి అనేటోళ్లు ఎవలూ లేరు. నేను పాట అందుకుంట, నా ఎనుక నువ్వు అను. నా కాలు సూసుకుంట నీ కాలు ఎయ్యి.

ఒక్క మాట ముందే చెప్తున్న. పనికి అస్తలేను. ఆడుకునేతందుకు అస్తున్న. ఇల్లు ఊడువ, గిన్నెలు తోమ. చాయ నువ్వే పెట్టాలె.

లసుమవ్వ (వేలిముద్ర)

తా.క. రెండు వందల మంది అని మార్చిలో రాసింది నేనే. ఆమె వెయ్యి అని రాయమంది, నేను తగ్గించాను.

ఈ ఉత్తరానికి స్టాంపు లేదు. నా ఉద్యోగంలో ఇట్లా చేయడం ఇదే మొదటిసారి. ఈ మాటలు మీ ముఖం మీద చెప్పలేనని రాయించుకుని, తనే తెస్తోంది. మీ చేతికిచ్చి, మీరు చదివేదాకా గేటు బయట నిలబడుతుందట. రమ్మంటే లోపలికి వస్తుంది. లేకపోతే పూల గంప అక్కడే దించి, పన్నెండు గంటల బస్సుకు వెనక్కి వస్తానంది. నేనైతే ఆ బస్సుకు ఎదురు చూడను. మనిషి పొద్దుటినుంచి ఏమీ తిని ఉండదు, ఎండ కూడా బాగా ఎక్కి ఉంటుంది. ఉత్తరంలో ఇక చదవడానికి ఏమీ లేదమ్మా. గేటు తీయండి.